నీళ్లు మోసిన మిడ్‌ఫీల్డర్, కప్పు గెలిచిన కోచ్: దెషాంప్స్ రెండు జీవితాలకు సంబంధం ఉందా?

ప్రశ్న: మధ్యరేఖ

నేను ఫ్రాన్స్ జట్టును శ్రద్ధగా చూడడం 2018 ప్రపంచ కప్‌తోనే మొదలుపెట్టాను. అందుచేత దిదియే దెషాంప్స్ అంటే నాకు మొదటి నుంచీ మైదానం గీత పక్కన నిలబడి కేకలు వేసే కోచ్‌గానే తెలుసు. ఆయన ఆటగాడిగా ఎలా ఉండేవారో ఈ మధ్యనే పాత మ్యాచ్‌లు వెతుక్కుని చూస్తున్నాను. 1998 ఫైనల్ ఆద్యంతం చూశాక జిదాన్ తలతో కొట్టిన రెండు గోల్స్, దెసాయికి చూపిన ఎర్ర కార్డు, చివర్లో పెటీ చేసిన గోల్ అన్నీ గుర్తున్నాయి గానీ, దెషాంప్స్ ఏం చేశారని అడిగితే చెప్పడానికి ఒక్క సన్నివేశం కూడా తట్టలేదు. అయినా ఆ రాత్రి అందరికంటే ముందు కప్పు ఎత్తింది కెప్టెన్‌గా ఆయనే.

ఫ్రాన్స్ తరఫున 103 మ్యాచ్‌లు ఆడి 4 గోల్స్ చేసిన మనిషి ఆయన. తోటి ఫ్రెంచి ఆటగాడు ఎరిక్ కాంటొనా ఆయనను "నీళ్లు మోసేవాడు" అని ఎద్దేవా చేశాడని కూడా చదివాను. అదే మనిషి 2012 నుంచి జాతీయ జట్టు కోచ్‌గా ఉండి, 2018లో కప్పు గెలిచి, 2022లో పెనాల్టీ షూటౌట్ దాకా వెళ్లి ఓడారు. ఆటగాడిగానూ కోచ్‌గానూ ప్రపంచ కప్ గెలిచినవారు ముగ్గురే కాగా, మిగిలిన ఇద్దరు, బ్రెజిల్‌కు చెందిన జగాలో, జర్మనీకి చెందిన బెకెన్‌బవర్, 2024 జనవరిలో రెండు రోజుల తేడాతో కన్నుమూశారు. ఇంత ఘనత ఉన్నా, అంత ప్రతిభ గల జట్టుతో ఇంత బిగుసుకుపోయిన ఆట ఆడిస్తారేమిటన్న విసుగు అభిమానులలో ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది.

నా సందేహం ఇది. ఆయన కోచింగ్ ఆయన మిడ్‌ఫీల్డ్ ఆటకు కొనసాగింపా, లేక మంచి తరం ఆటగాళ్లు చేతికి అందిన అదృష్టమా? అభిప్రాయాలకంటే ఫలానా మ్యాచ్‌లో ఫలానా చోట చూడండి అని చెప్పగలిగితే నాకు ఎక్కువ ఉపయోగం.

జవాబు: పాత తెర

మధ్యరేఖ గారూ, మీకు సన్నివేశం గుర్తుకు రాకపోవడంలో తప్పు మీది కాదు. ఆయన పని బాగా జరిగినప్పుడు అక్కడ సన్నివేశమే ఉండదు.

కాంటొనా వాడిన మాట సైకిల్ పందేలకు సంబంధించినది. జట్టు నాయకుడు గెలవడం కోసం ఒక సైక్లిస్టు వెనక వచ్చే కారు దాకా తగ్గి, నీళ్ల సీసాలు చొక్కాలో కుక్కుకుని, మళ్లీ గుంపును దాటుకుంటూ ముందుకు తొక్కుతాడు. కాంటొనా దానిని చిన్నచూపుతో అన్నాడు గానీ పోలిక మాత్రం సరిగ్గా కుదిరింది, ఎందుకంటే ఆ సైక్లిస్టు బరువు మోయడమే కాక ఎవరికి ఎప్పుడు దాహం వేస్తుందో కూడా కనిపెట్టుకుని ఉండాలి. దెషాంప్స్ 1993లో మిలాన్‌ను 1-0తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచిన మార్సెయ్‌కు 24 ఏళ్ల వయసులోనే కెప్టెన్. 1996లో యువెంటస్‌తో అదే కప్పు మళ్లీ గెలిచారు. జిదాన్ ఆ ఏడాది యువెంటస్‌కు వచ్చాక క్లబ్బులోనూ, ఫ్రాన్స్ జట్టులోనూ ఇద్దరిదీ ఒకే మిడ్‌ఫీల్డ్. జిదాన్ బంతితో ముందుకు కదిలినప్పుడల్లా ఆయన వెనక కొంత చోటు ఖాళీ అవుతుంది. బంతి పోతే ఎదుటివాడు మొదట పరిగెత్తేది ఆ చోటుకే. దెషాంప్స్ బంతి పోకముందే అక్కడికి చేరి నిలబడేవారు.

ఈ అలవాటు వెనక ఒక దెబ్బ కూడా ఉందని నా నమ్మకం. 1993 నవంబరు 17న పారిస్‌లో బల్గేరియాతో ఆడిన అర్హత మ్యాచ్ తప్పక చూడండి. ఫ్రాన్స్‌కు డ్రా చాలు. మొదటి గోల్ చేసింది, తమాషా ఏమిటంటే, కాంటొనాయే. తర్వాత బల్గేరియా సమం చేసింది. 1-1 మీద ఆఖరి నిమిషంలో అవతలి కార్నర్ జెండాకు దగ్గరగా ఫ్రాన్స్‌కు ఫ్రీ కిక్ దొరికింది. బంతిని ఆ మూలనే కాళ్ల మధ్య పెట్టుకుని కాలం గడిపితే సరిపోయేది. దవీద్ జినొలా పెనాల్టీ ఏరియా మీదుగా పొడుగ్గా క్రాస్ కొట్టాడు. అది ఎవరికీ అందలేదు. కొన్ని సెకన్లలోనే బంతి మైదానం ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చి, కొస్తాదినోవ్ కాలి నుంచి గోల్‌లో పడింది, ఫ్రాన్స్ 1994 ప్రపంచ కప్‌కు వెళ్లలేకపోయింది. ఆ సమయంలో మైదానంలో ఉన్నవారిలో దెషాంప్స్ ఒకరు. బంతిని ఏ చోట పోగొట్టుకున్నా పరవాలేదు, ఏ చోట పోగొట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది అన్న లెక్క ఆయన జట్లన్నిటిలో కనిపించడానికి మూలం ఆ నిమిషంలో ఉందని నాకు అనిపిస్తుంది. ఆయన ఎక్కడైనా ఇలా చెప్పారని కాదు, ఇది నా ఊహ మాత్రమే.

విచిత్రంగా, కోచ్‌గా ఆయన ఉద్యోగం దాదాపు ఊడినంత పనైంది కూడా నవంబరులోనే, సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత. 2013లో, తర్వాతి ప్రపంచ కప్‌కు అర్హత తేల్చే రెండు మ్యాచ్‌ల ప్లేఆఫ్‌లో, మొదటి మ్యాచ్‌లో ఫ్రాన్స్ కీవ్‌లో ఉక్రెయిన్ చేతిలో 2-0తో ఓడింది. నాలుగు రోజుల తర్వాత సెయింట్ డెనిస్‌లో 3-0తో గెలిచి గట్టెక్కింది.

ఇక 2018 సంగతి. ఆస్ట్రేలియాతో మొదటి మ్యాచ్‌లో గ్రీజ్‌మన్, ఎంబాపె, దెంబెలె ముగ్గురూ ముందు ఆడారు. ఎలాగో 2-1తో గెలిచారు గానీ ఆట అతుకుల బొంతలా ఉంది. పెరూతో రెండో మ్యాచ్‌కు దెంబెలె స్థానంలో జిరూ వచ్చాడు, ఎడమ వైపు బ్లెజ్ మత్యుది వచ్చాడు. అక్కడి నుంచి మీరు బంతిని వదిలేసి మత్యుదినే చూడండి. పేరుకు అతడు ఎడమ వింగర్. ఫ్రాన్స్ బంతి పోగొట్టుకున్న మరుక్షణం లోపలికి దిగి కాంటే, పోగ్బాల పక్కన మూడో మిడ్‌ఫీల్డర్ అయిపోతాడు. అవతలి అంచున ఎంబాపె వెనక్కి రాకుండా ముందే ఆగిపోగలిగాడంటే ఈ అంచున మత్యుది రెండు పనులు చేస్తున్నందుకే. అర్జెంటీనా మీద ఎంబాపె తమ సగం నుంచి పరుగు తీసి పెనాల్టీ సంపాదించిన ఘట్టాన్ని ప్రపంచమంతా గుర్తుపెట్టుకుంది. ఆ పరుగుకు కావలసిన బలం దాచుకోగల వెసులుబాటు అతడికి ఎవరు ఇచ్చారో ఎవరూ అడగలేదు. 1998 దెషాంప్స్ 2018లో ఎవరు అంటే చాలామంది కాంటే పేరు చెబుతారు. నేనైతే మత్యుది అంటాను.

మరొక ముచ్చట. 1998 జట్టు సెంటర్ ఫార్వర్డ్ గివార్ష్ ఆ టోర్నీలో ఒక్క గోల్ కూడా చేయలేదు. 2018లో జిరూ కూడా అంతే. రెండు జట్లూ కప్పు గెలిచాయి.

జవాబు: రెండో అంతస్తు

పాత తెర గారు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, జాతీయ జట్టును మాత్రమే చూసి ఈ మనిషిని అంచనా వేయడం వల్ల బొమ్మలో సగమే కనిపిస్తోందని నా అభిప్రాయం. క్లబ్బుల కాలం వేరే కథ.

ఆయన 2001లో ఆట మానేసి, ఎవరి దగ్గరా సహాయకుడిగా పని చేయకుండా, నేరుగా మొనాకో కోచ్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 32. మొదటి సీజన్‌లో జట్టు 15వ స్థానంలో నిలిచింది. రెండో సీజన్‌లో లీగ్ కప్ గెలిచి, లీగ్‌లో లియోన్ తర్వాత రెండో స్థానానికి వచ్చింది. 2003-04 ఛాంపియన్స్ లీగ్‌లో ఆ జట్టు ఆడిన ఆట చూసినవారెవరూ దెషాంప్స్‌ను పిరికి కోచ్ అనలేరు. దెపొర్తివో లా కొరున్యాను 8-3తో చిత్తు చేశారు. అందులో ప్రషో ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టాడు. క్వార్టర్ ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్ చేతిలో వాళ్ల మైదానంలో 4-2తో ఓడి, సొంత మైదానంలోనూ మొదట గోల్ ఇచ్చుకుని, 3-1తో గెలిచి, మొత్తం 5-5 మీద సమం కాగా, ఎదుటివారి మైదానంలో ఎక్కువ గోల్స్ చేసిన జట్టుగా ముందుకు వెళ్లారు. ఆ రెండు మ్యాచ్‌లలోనూ రియల్ మీద గోల్ చేసిన ఫెర్నాండో మొరియెంతెస్ ఆ ఏడాది రియల్ నుంచే అరువు మీద వచ్చిన ఆటగాడు. సెమీస్‌లో చెల్సీతో ఆడుతూ 1-1 మీద ఎర్ర కార్డుతో పది మందికి పడిపోయినా, వెనక్కి ముడుచుకోకుండా ఇంకో రెండు గోల్స్ కొట్టి 3-1తో గెలిచారు. ఫైనల్‌లో మొరీన్యో నడిపిన పోర్టో 3-0తో ఓడించింది. కెప్టెన్ జ్యులి మొదటి అరగంట లోపలే గాయంతో బయటకు వెళ్లడం కూడా ఆ రోజు గట్టి దెబ్బే.

తర్వాత యువెంటస్. 2006లో, మ్యాచ్ రిఫరీల ఎంపికలో జోక్యం చేసుకున్న వ్యవహారం మీద వచ్చిన తీర్పుతో క్లబ్బును రెండో డివిజన్‌కు దింపి, పాయింట్లు కూడా కోశారు. కోత చివరకు 9 దగ్గర ఆగింది. బుఫాన్, దెల్ పియెరో, నెద్వెద్, ట్రెజెగె లాంటివారు ఉండిపోయారు కాబట్టి పని తేలిక అని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ప్రపంచ కప్ ఫైనల్ ఆడిన వాళ్లను కొన్ని వారాల తర్వాత చిన్న ఊళ్ల మైదానాలలో రెండో డివిజన్ మ్యాచ్‌లకు మనసు పెట్టించడం ఏ పాఠంలోనూ ఉండదు. జట్టు అగ్రస్థానంతో పైకి వచ్చింది. సీజన్ పూర్తిగా ముగియకముందే యాజమాన్యంతో పొసగక ఆయన బయటకు వచ్చేశారు. తర్వాత రెండేళ్ల పాటు ఏ జట్టూ లేదు.

2009లో మార్సెయ్‌కు వెళ్లారు. తాను 1993లో యూరప్ కప్పు ఎత్తిన క్లబ్బు అప్పటి నుంచి ఒక్క పెద్ద ట్రోఫీ కూడా గెలవలేదు. 2010 మార్చిలో లీగ్ కప్ వచ్చింది, మే నెలలో 18 ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్ వచ్చింది. లీగ్ కప్‌ను మరో రెండేళ్లు వరుసగా గెలిచారు. ఈ మూడు క్లబ్బులలో ఆట తీరు మూడు రకాలుగా ఉంది. మొనాకోలో అంచుల వెంట దూకుడు, యువెంటస్‌లో ఓపిక, మార్సెయ్‌లో కండబలం. కాబట్టి "ఆయనకు ఒకటే ఆట తెలుసు" అన్న మాట నిలవదు. చేతిలో ఉన్న సరుకును బట్టి వంట మార్చే మనిషి ఆయన. జాతీయ జట్టుకు ఏడాదిలో దొరికే శిక్షణ రోజులు కొద్దిగా ఉంటాయి కాబట్టి అక్కడ మాత్రం తప్పులు తగ్గించే ఆటను ఎంచుకున్నారు.

పనిలో పనిగా ఒక మాట. 1990లలో కోచ్ మార్చెల్లో లిప్పి నడిపిన ఆ యువెంటస్ మిడ్‌ఫీల్డ్ నుంచే ఆంటోనియో కోంటె, జిదాన్, పావులో సౌసా కూడా కోచ్‌లు అయ్యారు. దెషాంప్స్ ఒక్కరి స్వభావం అని మనం అనుకుంటున్న దానిలో కొంత ఆ డ్రెస్సింగ్ రూమ్ పెట్టిన భిక్ష కూడా కావచ్చు.

జవాబు: ఎదురుదాడి

ఇద్దరూ చక్కగా రాశారు గానీ, ఇద్దరి వాదనలోనూ గెలిచిన మ్యాచ్‌లే సాక్ష్యాలుగా వచ్చాయి. ఓడిన వాటిని కూడా బల్ల మీద పెట్టాలి.

2016 యూరో ఫైనల్ సొంత గడ్డ మీద జరిగింది. పోర్చుగల్ జట్టులో రొనాల్డో మొదటి సగంలోనే గాయపడి ఏడుస్తూ బయటకు వెళ్లాడు. అలాంటి జట్టు మీద 90 నిమిషాలలో ఒక్క గోల్ కూడా చేయలేక, అదనపు సమయంలో ఎదెర్ గోల్‌తో ఓడిపోయారు. జిన్యాక్ కొట్టిన బంతి ఆఖరి క్షణాలలో స్తంభానికి తగలడం దురదృష్టమే, కాదనను. కానీ మ్యాచ్‌ను స్తంభం మీద ఆధారపడే దాకా ఎందుకు రానిచ్చారన్నదే నా ప్రశ్న.

2021 జూన్‌లో స్విట్జర్లాండ్‌తో బుకారెస్ట్‌లో ఆడిన మ్యాచ్ ఇంకా ఘోరం. ఆ టోర్నీలో అంతవరకూ లేనిది ముగ్గురు సెంటర్ డిఫెండర్లతో మొదలుపెట్టి, మొదటి సగం ముగిసేసరికి 1-0తో వెనకబడి, విరామంలో ఆ ఏర్పాటును తానే విప్పేశారు. తర్వాత 3-1 ఆధిక్యం వచ్చింది. మిగిలింది పదిహేను నిమిషాలు. బంతి ఎక్కడ పోగొట్టుకోకూడదో ఈయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని పాత తెర గారు అన్నారు కదా, సరిగ్గా 90వ నిమిషంలో మైదానం నడిమధ్యన పోగ్బా కాళ్ల దగ్గరి నుంచి బంతి పోయింది, గవ్రానోవిచ్ 3-3 చేశాడు. షూటౌట్‌లో ఎంబాపె పెనాల్టీని సోమర్ ఆపాడు. 1993 పాఠం కోచ్‌కు వచ్చి ఉండవచ్చు, జట్టుకు అందలేదు.

ఇక 2024 యూరో. సెమీఫైనల్ చేరే దాకా ఫ్రాన్స్ ఐదు మ్యాచ్‌లు ఆడింది. ఆ ఐదింటిలో వచ్చిన గోల్స్ మూడే. అందులో రెండు ఎదుటివారు తమ గోల్‌లో తామే కొట్టుకున్నవి, మూడోది పెనాల్టీ. నడుస్తున్న ఆటలో ఫ్రాన్స్ ఆటగాడు చేసిన మొదటి గోల్ సెమీస్‌లో స్పెయిన్ మీద వచ్చింది, ఆ మ్యాచ్ 2-1తో ఓడారు. ఎంబాపె, గ్రీజ్‌మన్, దెంబెలె, కొలో మువానీ అందుబాటులో ఉన్న జట్టు ఇది! నీళ్లు మోసేవాడు జట్టుకు అవసరమే గాని, పదకొండు మందికీ బిందెలు ఇచ్చి బావి దగ్గర నిలబెడితే పందెం ఎవరు తొక్కుతారు?

అదృష్టం అన్న మాట నేను వాడను. కానీ ఆయన మిడ్‌ఫీల్డర్ స్వభావం ఆయనను ఎంత పైకి తెచ్చిందో అంతే గట్టిగా ఆపింది కూడా అంటాను.

మధ్యరేఖ

అందరికీ కృతజ్ఞతలు. పెరూ మ్యాచ్‌ను మత్యుది మీదే దృష్టి పెట్టి మళ్లీ చూశాను, పాత తెర గారు చెప్పినది నిజమే. ఎదురుదాడి గారి 2024 లెక్క చూసి ఆశ్చర్యపోయాను. ఒక చిన్న సందేహం మిగిలింది. మైదానంలో వ్యూహం సరే, ఆటగాళ్లను ఎంచుకోవడంలోనూ, పక్కన పెట్టడంలోనూ ఆయన కఠినంగా ఉంటారని విన్నాను. అది కూడా ఆ కెప్టెన్ కాలం నుంచి వచ్చిందేనా?

జవాబు: పాత తెర

ముందు ఎదురుదాడి గారికి ఒక మాట. బుకారెస్ట్ విషయంలో నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆయన చేసిన ఏర్పాటు తప్పు.

కఠినత్వం సంగతి. 2014 ప్రపంచ కప్‌కు నస్రీని తీసుకోలేదు. అతడు బెంచీ మీద కూర్చోవలసి వస్తే సంతోషంగా ఉండడు, అది మిగిలినవారికి తెలుస్తుంది అన్నది కారణం. కరీం బెంజెమా 2015 చివరి నుంచి 2021 యూరో దాకా జట్టుకు దూరంగా ఉన్నాడు. ఆ విషయంలో ఆటకు బయట ఉన్న వ్యవహారాలు చాలా ఉన్నాయి కాబట్టి దానిని ఉదాహరణగా వాడడం నాకు ఇష్టం లేదు. అంతకంటే రాబియో కథ మంచి సాక్ష్యం. 2018లో అసలు జట్టులో కాక రిజర్వు జాబితాలో పెట్టారని రాబియో అలిగి, ఆ జాబితాలో ఉండనని చెప్పేశాడు. అతడి పని అయిపోయిందని అందరూ అనుకున్నారు, రెండేళ్ల దాకా పిలుపు రాలేదు కూడా. 2020లో దెషాంప్స్ మళ్లీ పిలిచారు. 2022 ఫైనల్‌లో మొదటి పదకొండు మందిలో ఉన్నది ఆ రాబియోయే. పగ పట్టే మనిషైతే ఇలా చేయరు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరు ఎవరికి అవసరమో లెక్క చూసుకునే కెప్టెన్ చేసే పని ఇది.

2022 గురించి ఎవరూ రాయలేదు కాబట్టి అది కూడా చెబుతాను. కాంటే, పోగ్బా ఇద్దరూ గాయాలతో ఆ టోర్నీకి రాలేదు. మిడ్‌ఫీల్డ్ ఖాళీ. ఆయన ఫార్వర్డ్ అయిన గ్రీజ్‌మన్‌ను వెనక్కి దించి షువామేని, రాబియోల పక్కన మిడ్‌ఫీల్డర్‌ను చేశారు. గోల్స్‌తో పేరు తెచ్చుకున్న మనిషి పరుగెత్తి బంతులు దొంగిలించే పనికి ఒప్పుకోవడమే కాదు, దాదాపు టోర్నీ అంతటా ఆ జట్టుకు ఇరుసు అతడే అయ్యాడు. ఫైనల్‌లో అర్జెంటీనా 36వ నిమిషానికే 2-0 చేసేసరికి, 41వ నిమిషంలోనే జిరూను, దెంబెలెను బయటకు పిలిచి కొలో మువానీని, మార్కస్ తురామ్‌ను దించారు. విరామానికి నాలుగు నిమిషాలు ఆగితే ఆ ఇద్దరి పరువూ దక్కేది. ఆయన ఆగలేదు. 71వ నిమిషంలో, తాను అంత కష్టపడి మలచిన గ్రీజ్‌మన్‌ను కూడా తీసేశారు. ఆ తర్వాతే 80, 81 నిమిషాలలో ఎంబాపె రెండు గోల్స్ వచ్చాయి. 2018 ఫైనల్‌లో కూడా జట్టు 2-1తో ముందున్నా, పసుపు కార్డు మీద తడబడుతున్న కాంటేను 55వ నిమిషంలో తీసి ఎన్‌జోంజిని దించారు. పది నిమిషాలలో అది 4-1 అయింది. ఎదురుదాడి గారూ, ఇవి పిరికివాడు చేసే మార్పులు కావని మీరు కూడా ఒప్పుకుంటారు.

జవాబు: ఎదురుదాడి

ఒప్పుకుంటాను. అయితే 2-0 వెనకబడ్డాక చూపిన తెగువను 0-0 మీద చూపితే బాగుండేదని మాత్రం అంటూనే ఉంటాను. 2026 ప్రపంచ కప్ తర్వాత తప్పుకుంటానని 2025 జనవరిలోనే ఆయన చెప్పారు కదా, ఆయన తర్వాత వచ్చేవారు తలుపులు బార్లా తెరిచి ఆడించి ఒకటి రెండు పెద్ద టోర్నీలు ఓడితే, అప్పుడు మనమందరం మళ్లీ ఇక్కడే చేరి మత్యుది గురించి మాట్లాడుకుంటామేమో.

మధ్యరేఖ గారూ, ఆటగాడిగా ఆయనను చూడాలంటే 1998 ఫైనల్‌ను 68వ నిమిషం నుంచి చూడండి. దెసాయి ఎర్ర కార్డుతో వెళ్లిపోతాడు, పెటీ డిఫెన్స్‌లోకి దిగుతాడు, మిడ్‌ఫీల్డ్‌లో ఒక మనిషి తగ్గుతాడు. బంతిని వదిలేసి ఏడో నంబరు చొక్కాను చూడండి.

మధ్యరేఖ

చూశాను. కెమెరా బంతి వెంటే పోతోంది కాబట్టి ఆ ఇరవై నిమిషాలలో చాలాసేపు ఏడో నంబరు తెర మీదే లేరు. బ్రెజిల్ బంతి పట్టుకుని మధ్యలోకి వచ్చిన ప్రతిసారీ మాత్రం ఏదో ఒక అంచు నుంచి తెరలోకి వచ్చి, బంతి పక్కకు మళ్లగానే మళ్లీ మాయమవుతున్నారు. మైదానం మొత్తం ఒకేసారి కనిపించే రికార్డింగ్ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చెప్పండి.